గని కప్పు కొట్టి చూసినవాడు

2019 ఆగస్టు 6, మంగళవారం. ఉదయం పదకొండున్నర. భూపాలపల్లి.

హాజరైనవారు: కొమురయ్య, భూగర్భ గనిలో కప్పుకు ఆసరాలు పెట్టే సపోర్ట్‌మన్, యాభై రెండేళ్ళు. సమ్మక్క, అతని భార్య. రమేశ్, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు, డిగ్రీ పాసై ఆటో నడుపుతున్నాడు. శంకరన్న, కార్మిక నాయకుడు, ఇతన్ని ఎవరూ పిలవలేదు. డాక్టర్ వరలక్ష్మి, మానసిక వైద్యురాలు, నా పై అధికారి, నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. నేను, కౌన్సెలర్‌ని.

కుర్చీలు ఐదు. పిలవనివాడు మొదట కూర్చున్నాడు. నేను నిలబడ్డాను.

ఇది నా డైరీలోని పేజీ. ఎవరు వచ్చారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు ముందు మాట్లాడారు అని ఏ రోజుకారోజు రాసుకోవడం నా అలవాటు. అలాంటి డైరీలు ముప్పై నాలుగు ఉన్నాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు ఊళ్ళలో నేను చేసిన ఉద్యోగమంతా వాటిలో ఉంది. నా గొప్పలు కూడా ఉన్నాయి. అవి చదివితే నాకే నిద్ర వస్తోంది కాబట్టి ఇక్కడ దించడం లేదు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు పనికొచ్చేవి నా తప్పులే. పేర్లు మార్చాను. తప్పులు మార్చలేదు.

పుస్తకం పట్టిన రోజులు

జనగామలో ఉన్నప్పుడు ఒక ఆదివారం హనుమకొండ వెళ్ళి, ఫుట్‌పాత్ మీద తూకానికి అమ్మే పుస్తకాల్లో అస్తిత్వవాదం మీద ఒక పుస్తకం కొన్నాను. యుద్ధాల్లో సర్వం కూలిపోవడం చూసిన యూరప్ వాళ్ళ ఆలోచన అది. నాకు అర్థమైనంతలో దాని సారం ఇది: ఎవరి బతుకు వారే బతకాలి, ఎవరి చావు వారే చావాలి, మధ్యలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకున్నది సరైనదేనని ఎవరూ రసీదు ఇవ్వరు.

నాకు మతిపోయింది. మన దగ్గరకు వచ్చేవాళ్ళ బాధంతా ఇందులోనే ఉంది కదా అనిపించింది. అనిపించడం వరకు తప్పులేదు. మర్నాటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.

బచ్చన్నపేట నుంచి ఒక రైతు వచ్చాడు. బావిలో పూడిక తీస్తుండగా గట్టు కూలి, కళ్ళముందే తమ్ముడు పోయాడు. నేను అతనికి జీవితానికి ముందే రాసిపెట్టిన అర్థం ఏదీ ఉండదని, దాన్ని మనమే తయారుచేసుకోవాలని నలభై నిమిషాలు చెప్పాను. డైరీలో సమయం రాసుంది. అతను మర్యాదగా విని, "అయిపోయిందా సార్?" అన్నాడు. అయిపోయిందన్నాను. "నిద్ర వడ్తలేదు. గోలీ ఇస్తరా, ఇయ్యరా? రెండింటికి బచ్చన్నపేట బస్సున్నది" అన్నాడు.

అప్పటి మా పెద్ద డాక్టరు గోలీ రాసిచ్చి, అతను వెళ్ళాక నాతో అన్నాడు: "ఆ పుస్తకం నువ్వు చదువుకో. వాళ్ళ మీద చదవకు."

ఆయన అంతకు మించి తత్వశాస్త్రం జోలికి పోలేదు. అంతకు మించి అవసరం కూడా లేదు. మనిషి వారం రోజులు నిద్రపోయిన తర్వాత మాట్లాడండి. నిద్రలేనివాడికి స్వేచ్ఛ గురించి చెప్పడం పస్తున్నవాడికి వంటల పుస్తకం చదివి వినిపించడమే.

ద్వాలి

మహబూబాబాద్‌లో చేసిన తప్పు ఇంకా పెద్దది. అందులో నేను ఒక్క ముక్క తత్వం కూడా మాట్లాడలేదు. శిక్షణలో నేర్పిందే చేశాను.

ద్వాలిది గార్ల దగ్గర ఒక తండా. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు. మిరపచేనులో పనిచేస్తుంటే వాన పట్టింది. "నువ్వు చెట్టు కింద నిలబడు, నేను బిందె తెస్తా" అని భర్తకు చెప్పి వెళ్ళింది. చెట్టు మీద పిడుగు పడింది. ఆమె నా దగ్గరకు నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ నేను చెప్పింది ఒకటే: "ఇందులో నీ తప్పేం లేదమ్మా." ఐదోసారి రాలేదు. నయమైంది కాబోలు అనుకుని ఫైలు మూసేశాను.

ఏడాది తర్వాత గార్ల సంతలో కనపడింది. ఉల్లిగడ్డ ఏరుకుంటోంది. ఎందుకు రావడం మానేశావని అడిగాను.

"వచ్చి ఏం జెయ్యాలె సార్? ఆయన పోయిండు. చేను కౌలుది, అదీ పోయింది. చెట్టు కింద నిలబడుమన్న మాటొక్కటే నాకు మిగిలింది. నువ్వు అది గూడ నాది కాదన్నవ్."

అని మళ్ళీ ఉల్లిగడ్డ ఏరుకోవడంలో పడింది. నేను పక్కన నిలబడి, అక్కర్లేకపోయినా రెండు కిలోల ఉల్లిగడ్డ కొనుక్కుని ఇంటికి వచ్చాను.

ఈ ముక్క కొంచెం నిదానంగా చదవండి. "నీ తప్పు లేదు" అనే మాట మనం చాలాసార్లు వాళ్ళకోసం అనం. వాళ్ళ ఏడుపు మనకు తట్టుకోలేనంతగా ఉండి, దాన్ని ఆపడానికి అంటాం. పెద్ద దెబ్బ తిన్న మనిషికి, జరిగినదాంట్లో తను చేసిన పని ఒక్కటైనా ఉండాలి. లేకపోతే తను మనిషి కాదు, పిడుగు పడ్డ చోట ఉన్న ఇంకో చెట్టు. తప్పు వేరు, తన పని వేరు. రెంటినీ కలిపి ఊడ్చేస్తే ఆమెకు మిగిలింది కూడా ఊడ్చేసినట్టే. నా పుస్తకంలో ఇదంతా ఉంది. అండర్‌లైన్ కూడా చేసుకున్నాను. అర్థమైంది మాత్రం సంతలో.

కర్రతో వచ్చిన మనిషి

2019 జూన్‌లో కొమురయ్య భూపాలపల్లిలోని మా గదికి వచ్చాడు. దవాఖానలో చోటు చాలక కౌన్సెలింగ్ కోసం పక్క వీధిలో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అతని చేతిలో నిలువెత్తు వెదురు కర్ర ఉంది. లోపలికి వచ్చి నమస్తే పెట్టి, కూర్చోమంటే కూర్చోకుండా, కర్రతో పైకప్పు మీద మూడు చోట్ల కొట్టి చెవి పెట్టి విన్నాడు.

"సార్, మీ కుర్సీ మీద డొల్ల మోగుతాంది. అటు జరుగుండ్రి."

గనిలో ఇది రోజూ చేసే పని. బొగ్గు కోసం మందు పేల్చాక కొత్తగా తెరుచుకున్న చోటికి మనుషులు వెళ్ళేముందు కప్పును కొట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే పొర విడిపోయిందని అర్థం. ఇరవయ్యారేళ్ళు ఆ మోత విన్న చెవులు అతనివి. మా దగ్గరకు రావడానికి ఎనిమిది నెలల ముందు ఒక చోట మూడుసార్లు కొట్టాడు. ఖంగుమంది. వెనక ఉన్న స్నేహితుడు ఓదెలును "బాగున్నదిరా, రా" అన్నాడు. ఓదెలు ముందుకు వచ్చాడు. అతని మీద బండ పడింది. పైన ఉన్న చీలిక మోతకు అందేది కాదని, ఎవరి తప్పూ లేదని విచారణలో తేలింది. అప్పటి నుంచి కొమురయ్య ఇంట్లో పడుకోవడం లేదు. వాకిట్లో పడుకుంటాడు. ఏ కప్పు కిందికి వెళ్ళినా ముందు కొడతాడు. బంధువుల ఇంట్లో పెళ్ళికి వెళ్ళి ఫంక్షన్ హాలు కప్పును కూడా కొట్టాడట. పెళ్ళివాళ్ళు బాజా ఆపి చూశారట.

నేను పద్ధతి ప్రకారం వెళ్ళాను. "ఇది గని కాదు కొమురయ్యా, ఈ గది భద్రం" అన్నాను. కర్రను గుమ్మం బయట పెట్టించి, పది నిమిషాలు ఆ కప్పు కిందే కూర్చోబెట్టి, ఊపిరి నిదానంగా తీయమన్నాను. చెమటతో అంగీ తడిసిపోయింది కానీ కూర్చున్నాడు. డైరీలో "మంచి పురోగతి" అని రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను.

మూడో రోజు నేను చాయ్ తాగి వచ్చి తలుపు తీస్తే నా కుర్చీ మీద చపాతీ పీట అంత సిమెంటు పెచ్చు పడి ఉంది. పైన ఇనుప చువ్వలు కనపడుతున్నాయి.

వరలక్ష్మి మేడం వచ్చి పైకి చూసింది, కుర్చీ చూసింది, నన్ను చూసింది. "మీ పేషెంటు జబ్బు సంగతి తర్వాత. చెవులు మాత్రం బాగున్నాయి" అంది.

మరుసటి వారం కొమురయ్య వచ్చి చువ్వలు చూశాడు. గెలిచినట్టు మొహం పెట్టలేదు. "చెప్పిన గద సార్" అన్నాడు, అంతే. క్షమించమని అడిగాను. నా ఉద్యోగంలో ఒక పేషెంటును క్షమించమని అడగడం అదే మొదలు. అతను ఇబ్బందిపడ్డాడు. నాకైతే హాయిగా అనిపించింది. ఇద్దరం కుర్చీలు పక్కకు జరుపుకుని కూర్చున్నాం. చికిత్స ఆ రోజు మొదలైంది.

ఎందుకంటే నాకు అప్పటికి ఒక సంగతి ఎక్కింది. మనం అందరం కప్పు పడదన్న నమ్మకంతో కింద కూర్చుని అన్నం తింటున్నాం. కొమురయ్య కప్పు పడటం చూశాడు. అతనికి తెలిసింది నిజం. దాన్ని జబ్బు అని, మన మతిమరుపును ఆరోగ్యం అని పిలుస్తున్నాం. అతని జబ్బు తెలియడంలో లేదు. చాలాసార్లు కొడితే ఏ కప్పూ పడదని నమ్మడంలో ఉంది. కాబట్టి "భద్రం" అన్న మాట మానేశాను. "పడొచ్చు కొమురయ్యా. ఎంత కొట్టినా పడొచ్చు. మరి కింద ఉన్నంతసేపు ఏం చేద్దాం?" అని అడిగాను.

చాలాసేపటికి ఓదెలు గురించి చెప్పాడు. ద్వాలి పుణ్యమా అని నేను "నీ తప్పు లేదు" అనకుండా నోరు కట్టుకుని కూర్చున్నాను.

"రా అన్న మాట నీదేనా?" అన్నాను.

"నాదే సార్."

"బండ?"

"బండ నాది గాదు."

"సరే. మాట నీది. బండ నీది కాదు."

అప్పుడు ఏడ్చాడు. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారని తర్వాత సమ్మక్క చెప్పింది.

అన్‌ఫిట్

బయటివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. గనుల ఊళ్ళలో ఆరోగ్యానికి అర్థం తిరగబడి ఉంటుంది. మెడికల్ బోర్డు ఒక కార్మికుణ్ణి పనికి పనికిరాడని తేలిస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చే అవకాశం ఉంటుంది. అందుకని అన్‌ఫిట్ అయినవాడి ఇంట్లో మిఠాయి పంచుతారు. నా దగ్గరకు పిచ్చి నటించడానికి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒకాయన గోడతో అరగంట మాట్లాడి, మధ్యలో వాచీ చూసి, "సెకండ్ షిఫ్టుకు టైమైతాంది, తొందరగ రాయుండ్రి" అన్నాడు.

కొమురయ్యకు నిజంగా బాగాలేదు. నా నివేదిక బోర్డు ముందుకు వెళ్తే అన్‌ఫిట్ ఖాయం. సమ్మక్క, రమేశ్ దానికోసమే రోజులు లెక్కపెడుతున్నారు. అలాంటివాడు ఒక రోజు నాతో "సార్, నన్ను ఫిట్ అని రాయుండ్రి" అన్నాడు.

జబ్బును ఒప్పుకోకపోవడం కూడా జబ్బు లక్షణమే అని రాసుకుని మేడంకు చూపించాను. ఆమె చదివి, "ఎందుకని అడిగారా?" అంది. అడగలేదు. అంత అనుభవం ఉన్నవాడికి అడగాల్సిన అవసరం ఏముంటుంది మరి.

వెళ్ళి అడిగాను. కొమురయ్య తలుపు వేసి ఉందో లేదో చూసుకుని చెప్పాడు.

"నేను అన్‌ఫిట్ అయితె పోరడు దిగుతడు. ఓదెలును రా అన్న, పోయిండు. ఇప్పుడు నా కొడుకును గూడ రా అన్నట్టే గద సార్."

"ఇంట్లో చెప్పావా?"

"ఎట్ల చెప్పాలె? డిగ్రీ అయిన కాన్నుంచి గా నౌకరి మీదనే పానం వెట్టుకున్నడు. ఆమె సుట్టాలందరికి చెప్పింది. నాకు భయమైతాందని ఎట్లనాలె?"

నేను అబద్ధం రాయనని చెప్పాను. అతని మాట ఇంట్లో చెప్పనని కూడా చెప్పాను. చెప్పాల్సింది అతనే. నా గదిలో చెప్పుకోవచ్చు, నేను ఉంటానన్నాను. మంగళవారం అనుకున్నాం.

ఆ మంగళవారం

శంకరన్న మొదలుపెట్టాడు. "మనిషిని సూస్తెనే తెలుస్తలేదా సార్? అన్‌ఫిట్ రాసి పారేయుండ్రి, అందరం పోదాం."

"మీరెవరు?" అంది మేడం.

"నేను వీళ్ళ మనిషిని మేడం."

"పేషెంటు కాదుగా?"

"ఇంక కాలె" అన్నాడు. రమేశ్ నవ్వాడు.

కొమురయ్య నేల చూస్తూ అన్నాడు. "ఫిట్ అని రాయుమని సార్‌ను నేనే అడిగిన."

సమ్మక్క అతని వైపు తిరిగింది. "ఏందీ? పది నెలల సంది ఇంట్ల పండవైతివి. నేను వండుతుంటె అర్రల కప్పు కొడ్తవు, కూరల మట్టి వడ్తది. నువ్వు ఫిట్టా?"

"పోరడు దిగొద్దు" అన్నాడు కొమురయ్య. తర్వాత అంతా చెప్పాడు. మూడుసార్లు కొట్టడం, ఖంగుమనడం, రా అనడం. సంవత్సరం కావస్తున్నా "రా" అన్న ఆ మాట ఇంట్లో ఎవరికీ తెలియదు. ఓదెలు తనంతట తాను ముందుకు వెళ్ళాడనే అనుకుంటున్నారు.

ముందు శంకరన్నే తేరుకున్నాడు. "కొమురన్నా, గనిల దిగినోళ్ళంత సచ్చిండ్రా? గిట్ల అనుకుంటె ఊరు నడుస్తదా?"

"అన్నా, నీ కొడుకు హైదరాబాదుల కంప్యూటర్ ముంగట కూసుంటడు గదా" అంది సమ్మక్క, అతని వైపు చూడకుండానే. శంకరన్న ఫోన్ తీసి, ఎవరో పిలుస్తున్నట్టు బయటికి వెళ్ళాడు. అతని కుర్చీలో నేను కూర్చున్నాను.

రమేశ్ మొహం ఎర్రబడింది. "బాపు, నేను రోజు ఆటో తోల్తాన. బొగ్గు లారీలు మీదికే వస్తయి. ఒకటి గుద్దితె? గప్పుడేం జేస్తవ్, రోడ్డును గూడ కర్రతోని కొడ్తవా?"

"గుద్దచ్చు. గాని లారీ కిందికి పోరా అని నేను చెప్పలె."

"నువ్వు చెప్పంది నేనేం జెయ్యద్దా? ఓదెలు కాకను నువ్వు రా అన్నవ్, సరే. కాక తన కాళ్ళతోని నడిసి రాలేదా? కప్పు కింద ఆయనకు గూడ ఇరవై ఏండ్లు గదా."

నా నాలుక చివరన ఒక వాక్యం సిద్ధంగా ఉంది. ఎదుటివాడి స్వేచ్ఛను మన అపరాధంతో కూడా లాక్కోకూడదని, చాలా బాగా వచ్చిన వాక్యం. నోరు తెరిచాను. మేడం నా వైపు చూసింది. మూసుకున్నాను. ఆటో నడిపే పిల్లవాడు నా కంటే ముందే, నా కంటే బాగా చెప్పేశాడని ఆమెకు అర్థమైంది. ఆ రోజు డైరీలో "నేను మాట్లాడలేదు" అని రాసి ఉంది. ఆ ఏడాది నేను చేసిన మంచి కౌన్సెలింగ్ అదే.

సమ్మక్క కొంగు సర్దుకుని, చాలా మామూలుగా అంది. "నువ్వు దిగినప్పుడల్ల, ఎక్కి ఇంటికొచ్చేదాంక నేను గా కప్పు కిందనే ఉన్న. ఇరవయ్యారేండ్లు. నన్నెవ్వరు అడగలె. ఇప్పుడు నువ్వు చెప్తాన్నవ్, భయమైతదని. అప్పుడే చెప్తె ఇద్దరం కలిసి భయపడేటోళ్ళం గద."

ఎవరూ ఏమీ తేల్చలేదు. నేను చెప్పింది ఒకటే: నివేదికలో నిజం రాస్తాను, దానితో ఏం చేస్తారనేది మీ ఇష్టం, రేపు పొద్దున వచ్చి తీసుకోండి.

వాళ్ళు వెళ్ళాక మేడం "ఏమంటారు, దిగుతాడా?" అంది. నాకు తెలియదన్నాను. అంతకు పదేళ్ళ ముందైతే తెలుసని చెప్పేవాణ్ణి, కారణాలతో సహా. కొత్తవాళ్ళకు నా సలహా ఇదే: మీ దగ్గరకు వచ్చినవాళ్ళు ఏం ఎంచుకుంటారో మీకు ముందే తెలిసిపోతోందంటే, మీరు వినడం మానేసి చాలా రోజులైందన్నమాట.

మర్నాడు

బుధవారం ఉదయం తొమ్మిదింటికి తండ్రీకొడుకులు ఇద్దరే వచ్చారు. నివేదిక రెండు పేజీలు. కొమురయ్యకు చదువు అంతగా రాదు. రమేశ్ వరండాలో బల్ల మీద కూర్చుని తండ్రికి వినపడేలా చదివాడు. నిద్ర, కలలు, కర్ర, వాకిట్లో పడక, భూగర్భంలో పనిచేయగల స్థితిలో లేడన్న మాట, అన్నీ చదివాడు. ఆఖరున "రోగి అభిప్రాయం" అన్న చోట ఆగాడు. కొడుకు గనిలో దిగడం తనకు ఇష్టం లేదని కొమురయ్య చెప్పినట్టు నేను అక్కడ రాశాను.

రమేశ్ లేచి కాగితం నా ముందు పెట్టాడు. "సార్, గీ లైను కొట్టేయుండ్రి."

"అది మీ బాపు మాట."

"అవును సార్. నాకు చెప్పిండు గద. బోర్డోళ్ళకెందుకు?"

కొమురయ్య వైపు చూశాను. తల ఊపాడు. ఆ లైను కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. కాగితాన్ని కవరులో పెట్టి ఇస్తూ, అడగకూడనిది అడిగాను.

"మరి దిగుతావా?"

"తెల్వది సార్" అన్నాడు రమేశ్. "ఇన్నొద్దులు ఎప్పుడొస్తదా అని సూసుడే గని, కావాల్నా వద్దా అని ఒక్కనాడు అనుకోలె. ఇప్పుడు అనుకోవాలె."

కొమురయ్య నాతో అన్నాడు. "గనిల ఎవ్వడు తెల్వది అనడు సార్. బాగున్నదంటం, లేకుంటె బాగలేదంటం. నేను గూడ గంతే."

అని రమేశ్ వైపు తిరిగాడు. "నిమ్మళంగ అనుకో బిడ్డా. నేను రా అనను, వద్దనను."

రమేశ్ కవరు అంగీ లోపల పెట్టుకుని వెళ్ళి ఆటో తిప్పాడు. వెనక సీటు ఖాళీగానే ఉంది. కొమురయ్య ముందుకు వెళ్ళి, డ్రైవరు సీట్లో కొడుకును కొంచెం జరగమని, పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.